పాత ఇంజెక్షన్ కారులో పెట్రోలు ప్రెజర్: తిరుపతి షెడ్డులో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన మాకో చిన్న షెడ్డు ఉంది. కొత్త బండ్లు షోరూమ్ సర్వీసుకు పోతాయి కాబట్టి మా గడప తొక్కేవన్నీ ఏపీ 03 నెంబరు పాత కార్లే. ఎస్టీమ్‌లు, జెన్‌లు, శాంత్రోలు, మొదటి తరం హోండా సిటీలు. వాటిని ప్రాణంగా చూసుకునే ఓనర్లు అడిగేది చాలాసార్లు ఒకటే: "మేస్త్రీ, కొంచెం ప్రెజర్ పెంచి ఇవ్వరాదా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇక్కడ రాసి పెడుతున్నా. స్పానర్ పట్టుకునేవాళ్ళకూ, తమ బండి కింద మెకానిక్ ఏం చేస్తున్నాడో తెలుసుకోవాలనుకునేవాళ్ళకూ పనికొస్తుంది.

అసలు ఈ ఫ్యూయల్ ప్రెజర్ అంటే ఏమిటి? కార్బురేటర్ బండికి ఈ గోల లేదు కదా?

కార్బురేటర్‌లో పెట్రోలును గాలే లాక్కుంటుంది. పంపు పని గిన్నె నింపడం వరకే. ఇంజెక్షన్ బండిలో అలా కాదు. ట్యాంకులోని కరెంటు పంపు పెట్రోలును ఒత్తిడితో ఇంజిన్ మీది ఫ్యూయల్ రైల్ అనే గొట్టంలోకి తోస్తుంది. రైల్‌కు గుచ్చిన ఇంజెక్టర్లు కంప్యూటర్ చెప్పినంతసేపు తెరుచుకుని మూసుకుంటాయి. ఆ తెరుచుకునే సమయం సెకనులో వెయ్యో వంతుల లెక్క.

మునిసిపాలిటీ కుళాయితో పోల్చుకోండి. రోజూ రెండు నిమిషాలకు బిందె నిండుతుందని మీకు అలవాటు. గడియారం చూసి రెండు నిమిషాలకు కట్టేస్తారు. ఒకరోజు ఒత్తిడి తక్కువగా వస్తే బిందె సగమే నిండుతుంది, ఎక్కువగా వస్తే పొర్లిపోతుంది. పాత బండి ఈసీయూ, అంటే ఇందాక చెప్పిన కంప్యూటర్, కూడా గడియారం చూసేదే, బిందెలోకి తొంగి చూసేది కాదు. ప్రెజర్ ఎంతుందో కొలిచే సెన్సర్ ఈ బండ్లలో ఉండదు. కంపెనీవాళ్ళు చెప్పినంత ఉందని నమ్మి లెక్క వేసుకుంటుంది. అందుకే ఈ అంకె మారితే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి.

ఎంత ఉండాలి?

మన దగ్గర తిరిగే పాత ఎంపీఎఫ్ఐ (సిలిండర్‌కో ఇంజెక్టర్ ఉన్న) బండ్లలో, రైల్ దగ్గర ప్రెజర్‌ను అదుపు చేసే రెగ్యులేటరూ, మిగిలిన పెట్రోలును అక్కడినుంచి ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ పైపూ ఉన్నవాటిలో, సాధారణంగా 2.5 నుంచి 3 బార్. మీ మోడల్‌కు కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, అదే ఫైనల్. పక్కింటివాళ్ళ బండి అంకె తెచ్చి మీ బండికి పెట్టకండి.

మాన్యువల్‌లో ఒక యూనిట్, గేజ్ మీద ఇంకో యూనిట్ ఉండి చాలామంది తికమక పడతారు. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ, 100 కిలోపాస్కల్. కేజీ పర్ సెంటీమీటర్ స్క్వేర్ అని ఉంటే దాన్ని దాదాపు బార్ అనే అనుకోవచ్చు, తేడా రెండు శాతమే. 3 బార్ అంటే 43.5 పీఎస్ఐ.

మా బండికి 3 బార్ అన్నారు. ఐడిలింగ్‌లో గేజ్ 2.4 చూపిస్తోంది. పంపు పోయినట్టేనా?

కాదు. ఈ ఒక్క అపోహతో మంచి పంపులు ఎన్ని చెత్తబుట్టలో పడ్డాయో.

రెగ్యులేటర్ నెత్తిన సన్నటి రబ్బరు పైపు ఒకటి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు, అంటే ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టానికి, పోతుంది చూడండి. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, గాలి దారిలోని థ్రాటిల్ తలుపు మూసి ఉంటుంది కాబట్టి మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ గట్టిగా ఉంటుంది, సుమారు 0.6 బార్. ఇంజెక్టర్ కొస ఉండేది ఆ వాక్యూమ్‌లోనే. అంటే వెనకనుంచి పంపు తోస్తుంటే ముందునుంచి వాక్యూమ్ లాగుతోంది. రైల్‌లో 3 బార్ అలాగే ఉంచితే ఐడిలింగ్‌లో పెట్రోలు ఎక్కువైపోతుంది. అందుకని రెగ్యులేటర్ అదే వాక్యూమ్‌ను చూసి రైల్ ప్రెజర్‌ను ఆ మేరకు తగ్గిస్తుంది. 3 లోంచి 0.6 తీసేస్తే 2.4. మీ బండి ఆరోగ్యంగా ఉంది, పంపు జోలికి పోవద్దు.

నిర్ధారించుకోవాలంటే ఆ సన్న పైపు రెగ్యులేటర్ దగ్గర పీకి, పైపు నోరు వేలితోనో బోల్టుతోనో మూయండి. మూయకపోతే గాలి పీల్చి ఆర్‌పీఎం లేస్తుంది. ముల్లు వెంటనే 3 కు ఎగబాకాలి. పైపు పెట్టగానే మళ్ళీ దిగాలి.

ప్రెజర్ అడ్జస్ట్ చేసే స్క్రూ ఎక్కడుంది? బానెట్ మొత్తం వెతికినా కనబడలేదు.

లేదు కాబట్టే కనబడలేదు. కంపెనీ రెగ్యులేటర్ సీల్ చేసిన డబ్బా. లోపల స్ప్రింగు, డయాఫ్రమ్ అనే పల్చటి పొర ఉంటాయి, బయట తిప్పడానికి ఏమీ ఉండదు. ప్రెజర్ తప్పితే కొత్తది వేయడమే. ఆ డబ్బాను వైస్‌లో పెట్టి నొక్కి స్ప్రింగును బిగించే మహానుభావులు కొందరున్నారు, నిజంగానే ప్రెజర్ పెరుగుతుంది కూడా. వెనక్కి తగ్గించడం మాత్రం ఎవరి వల్లా కాదు.

స్క్రూ ఉండేది రెండు చోట్ల. ఒకటి, తర్వాత బయట కొని వేసిన అడ్జస్టబుల్ రెగ్యులేటర్. రెండోది, బాగా పాతకాలం దిగుమతి బండ్లు. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600తో బయటికొచ్చిన బాష్ డీ-జెట్రానిక్ ఇంజెక్షన్ సిస్టమ్‌లో రెగ్యులేటర్‌కు స్క్రూ, లాక్ నట్ కంపెనీవే ఉంటాయి. అందులో ప్రెజర్ 2 బార్ ప్రాంతం, వాక్యూమ్ పైపు ఉండదు. ఎవరింట్లోనైనా తాతగారి కాలం నాటి ఇంజెక్షన్ బెంజ్ మూల పడి ఉంటే గుర్తుపెట్టుకోండి, దాన్ని 3 బార్‌కు సెట్ చేస్తే పొగబండి అవుతుంది. కే-జెట్రానిక్ అనేది ఇంకో జాతి. అందులో ఇంజెక్టర్లకు కరెంటే ఉండదు, ప్రెజర్లు కూడా ఒకటి కాదు రెండు చూడాలి. ఇక్కడ రాసేవి దానికి వర్తించవు.

ప్రెజర్ పెంచితే పికప్ వస్తుందని ఒక మెకానిక్ అన్నాడు. నిజమేనా?

మామూలు బండికి, నిజం కాదు.

ముందు లెక్క చూడండి. ఇంజెక్టర్ గుండా పారే పెట్రోలు ప్రెజర్‌తో సమానంగా పెరగదు, దాని వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 3 బార్‌ను 3.5 చేస్తే పెట్రోలు 8 శాతం ఎక్కువ వస్తుంది. 4 చేస్తే 15 శాతం పైచిలుకు. ఇప్పుడు ఈసీయూ ఏం చేస్తుంది? సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి అయితే, మామూలు నడకలో పెట్రోలు ఎక్కువైందని సెన్సర్ చెబుతుంది, ఈసీయూ ఇంజెక్టర్ సమయాన్ని అంతకంతా కోసేస్తుంది. మీరు పెంచింది అది తగ్గించింది, లాభం సున్నా. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈసీయూ ఆ సెన్సర్ మాట వినదు. అప్పుడు పెంచిన పెట్రోలంతా లోపలికి పోతుంది. కానీ ఫుల్ థ్రాటిల్‌లో కంపెనీవాళ్ళు గాలి, పెట్రోలు మిశ్రమాన్ని ముందే కాస్త చిక్కగా (పెట్రోలు ఎక్కువగా) పెట్టి ఉంటారు. ఇంకా చిక్కబడితే పవర్ తగ్గుతుంది, ప్లగ్గులకు మసి పడుతుంది, సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కన్వర్టర్ వేడెక్కి కాలుతుంది, కాలని పెట్రోలు సిలిండర్ గోడల్ని కడిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది.

మొదటి రెండు రోజులు ఓనర్‌కు ఎందుకు బాగున్నట్టు అనిపిస్తుందంటారా? అంతకు ముందు ప్రెజర్ నిజంగానే తక్కువై ఉండవచ్చు. లేకపోతే డబ్బులు పెట్టాం కాబట్టి బాగుందనుకోవడం.

చిత్తూరు నుంచి ఒక పెద్దాయన ఎస్టీమ్ తెచ్చారు. బండి లాగడం లేదని ఇంకో షెడ్డుకు వెళ్తే అడ్జస్టబుల్ రెగ్యులేటర్ బిగించి ప్రెజర్ పెంచి పంపారట. మైలేజీ 13 నుంచి 9 కి పడింది, లాగడం మాత్రం లేదు. గేజ్ పెడితే 4.1 బార్. కంపెనీ రెగ్యులేటర్ తెచ్చి వేసి, ట్రయల్‌కు తీసుకెళ్ళా. నాలుగో గేరులో కాలు తొక్కితే ఆర్‌పీఎం రయ్యిన లేస్తోంది, స్పీడు మాత్రం లేవడం లేదు. క్లచ్ ప్లేటు అరిగిపోయింది. పెట్రోలుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. "ఇన్నాళ్ళూ ప్రెజర్ ప్రెజర్ అని నా బీపీ పెంచినారు కదయ్యా" అన్నారాయన.

ఊర్లో బ్రహ్మాండంగా నడుస్తుంది. కొండెక్కేటప్పుడే మిస్సింగ్ వస్తుంది, గుంజదు. ఇదైనా ప్రెజర్ సమస్యేనా?

ఇది కావచ్చు. తిరుపతివాళ్ళకు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది, దేవుడే ఒక టెస్ట్ ట్రాక్ ఇచ్చాడు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే రెండో గేరు, కాలు కిందికి, మలుపు మీద మలుపు. మ్యానిఫోల్డ్ వాక్యూమ్ దాదాపు లేకుండా పోతుంది. రెగ్యులేటర్ పూర్తి 3 బార్ అడుగుతుంది. అదే సమయంలో ఇంజెక్టర్లు ఎక్కువసేపు తెరుచుకుని పెట్రోలు తాగుతుంటాయి. పంపు పూర్తి ప్రెజరూ ఇవ్వాలి, పూర్తి పరిమాణమూ ఇవ్వాలి.

ఐడిలింగ్‌లో పంపు తోసిన పెట్రోలులో చాలా భాగం వాడకుండానే రిటర్న్ పైపు గుండా ట్యాంకుకు తిరిగిపోతుంది. కాబట్టి ముసలి పంపు కూడా షెడ్డులో నిలబెట్టి చూస్తే గేజ్ మీద రావాల్సిన అంకే చూపించి మనల్ని మోసం చేస్తుంది. భాకరాపేట ఘాట్‌లోనో మొగిలి ఘాట్‌లోనో దాని బండారం బయటపడుతుంది. అందుకని ప్రెజర్ ఒక్కటే చూస్తే చాలదు, ఎంత పారుతోందో కూడా చూడాలి.

రెగ్యులేటర్ దగ్గర రిటర్న్ పైపు ఊడదీసి, అక్కడ ఇంకో పైపు తగిలించి దాని కొసను ఒక లీటరు కొలత ఉన్న డబ్బాలో పెట్టండి. ఇంజిన్ ఆపి పంపును మాత్రం 30 సెకన్లు నడపండి. చాలా బండ్లకు అర లీటరుకు తగ్గకుండా రావాలి. మాన్యువల్‌లో మీ బండి అంకె ఉంటే దాన్నే చూడండి. ఈ పని షెడ్డు లోపల కాదు, గాలి ఆడే చోట చేయాలి.

తక్కువ వచ్చిందనుకోండి, పంపు కొనడానికి పరిగెత్తకండి. వరుస ఇది. మొదట ఫిల్టర్. ఎప్పుడు మార్చారో గుర్తులేదంటే మార్చాల్సిందే. తర్వాత పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ, అదీ పంపు తిరుగుతుండగా. బ్యాటరీ దగ్గర ఉన్నదానికంటే అర వోల్టు, మహా అయితే ఒక వోల్టు తగ్గచ్చు. అంతకు మించితే రిలే కాళ్ళు కాలి ఉంటాయి, లేదా వెనక ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంటుంది. పాత బండ్లలో ఈ ఎర్త్ గొడవ నేను చాలాసార్లు చూశాను, ఎమరీ పేపరు ముక్కతో తీరిపోయిన పంపు రిపేర్లు ఉన్నాయి. ఆ తర్వాత ట్యాంకులో పంపు మూతికి ఉండే వడపోత జాలి. అన్నీ బాగుంటే అప్పుడు పంపు.

ఇంకొక మాట. రిజర్వ్ లైటు వెలుగుతుండగా కొండెక్కకండి. ట్యాంకులోని పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఏటవాలులో ఉన్న కాస్త పెట్రోలు వెనక్కి జారితే పంపు గాలి పీలుస్తుంది, ఉత్తగా తిరిగి కాలిపోతుంది. దర్శనం టికెట్‌కు అంత ఖర్చు పెట్టేవాళ్ళు కింద బంకులో ఐదు లీటర్లు కొట్టించుకోవడానికి లెక్కలు వేస్తారు.

గేజ్ ఎలా తగిలించాలి?

ఇది తొందర లేనివాళ్ళ పని. ఇంజిన్ చల్లగా ఉండాలి. రైల్‌లో ప్రెజర్ ఉండగా పైపు విప్పితే పెట్రోలు పిచికారీలా ముఖం మీదికి వస్తుంది, వేడి సైలెన్సర్ మీద పడితే భగ్గుమంటుంది.

ముందు పంపు ఫ్యూజో రిలేయో పీకేయండి. ఇంజిన్ స్టార్ట్ చేయండి. రైల్‌లో ఉన్న పెట్రోలు తాగి దానంతట అదే ఆగిపోతుంది. ఇంకో రెండుసార్లు సెల్ఫ్ కొట్టండి. ట్యాంకు మూత ఒకసారి తెరిచి మూయండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. అయినా కొంచెం పెట్రోలు మిగిలే ఉంటుంది, విప్పే చోట పాత గుడ్డ చుట్టి మెల్లగా విప్పండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. మంటలార్పే సిలిండర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి. నీళ్ళ బకెట్ పనికిరాదు, పెట్రోలు నీళ్ళ మీద తేలుతూ మంటను ఊరంతా తిప్పుతుంది. బీడీ, సిగరెట్ గురించి చెప్పక్కర్లేదు. మా ఊరికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇంకొకటి: డ్యాష్‌బోర్డు మీద అగరబత్తి. బండి ముందు కర్పూరం వెలిగించి షెడ్డుకు తీసుకొచ్చేవాళ్ళను కూడా చూశాను. భక్తి సరే, అది పూర్తిగా ఆరాకే బానెట్ తెరుద్దాం.

కొన్ని బండ్లలో రైల్ మీదే టెస్ట్ పోర్ట్ ఉంటుంది, టైరు వాల్వులాంటిది. అది ఉంటే పని సులువు. లేకపోతే ఫిల్టర్ నుంచి రైల్‌కు వచ్చే పైపు మధ్యలో T ఆకారపు జాయింటు వేసి గేజ్ బిగించాలి. బాంజో బోల్ట్ (పెట్రోలు తన లోపలినుంచే పారే బోలు బోల్టు) ఉన్నచోట విప్పితే రాగి వాషర్లు రెండూ కొత్తవి వేయండి. ఉన్నవాటినే తిరగేసి వేయడం మన అలవాటు, అక్కడ ఆదా అయ్యేది టీ ఖర్చు.

బ్యాటరీ, ఫ్యూజ్ తిరిగి పెట్టి తాళం ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టకండి. పంపు రెండు సెకన్లు గుయ్యిమని ఆగుతుంది. ఇలా రెండు మూడుసార్లు చేసి, ప్రతి జాయింటూ వేలితో తడిమి చూడండి. చెమ్మ తగిలితే స్టార్ట్ చేయకూడదు.

రీడింగ్ వచ్చింది. ఇప్పుడేం అర్థం చేసుకోవాలి?

ప్రెజర్ తక్కువగా ఉంటే రిటర్న్ రబ్బరు పైపును నున్నటి క్లాంపుతో మెల్లగా నొక్కి చూడండి. కటింగ్ ప్లేయర్ వాడితే ఎండిపోయిన పైపు పగులుతుంది. నొక్కుతుండగా ముల్లు 4 దాటి పరుగెడితే పంపు మంచిదే, రెగ్యులేటర్ లోపల కారిపోతోంది. ముల్లు లేవడానికి ఇష్టపడకపోతే ఫిల్టర్, వోల్టేజీ, పంపు, పైన చెప్పిన వరుసలోనే. పూర్తిగా మూసేసి నిలబడకండి, పంపు మీద భారం పడుతుంది. ముల్లు ఎటు పోతోందో తెలియడానికి రెండు మూడు సెకన్లు చాలు.

ప్రెజర్ ఎక్కువగా ఉంటే అనుమానం రెండింటి మీదే. రెగ్యులేటర్ బిగుసుకుపోయి ఉండాలి, లేకపోతే రిటర్న్ పైపు ఎక్కడో నొక్కుకుపోయి ఉండాలి. రిటర్న్‌ను డబ్బాలోకి మళ్ళించి చూడండి. ప్రెజర్ మామూలుకు దిగితే దోషం పైపుది. జాకీ తప్పు చోట పెట్టి ఇనుప పైపును చపాతీ చేసిన బండ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

వాక్యూమ్ పైపు పీకినా ముల్లు కదలకపోతే ఆ పైపు పూడిపోయింది, లేదా చీలింది, లేదా రెగ్యులేటర్ పోయింది. ఆ పైపులో పెట్రోలు చెమ్మగానీ వాసనగానీ ఉంటే వాదన అవసరం లేదు. డయాఫ్రమ్ చిరిగి పెట్రోలు నేరుగా మ్యానిఫోల్డ్‌లోకి పోతోంది. ఇది చూడటానికి గేజ్ కూడా అక్కర్లేదు, అర నిమిషం పని. ఎవరు మైలేజీ పడిపోయిందని వచ్చినా నేను మొదట పీకేది ఆ సన్న పైపునే.

మా దాంట్లో అడ్జస్టబుల్ రెగ్యులేటర్ ఉంది. సరిగ్గా సెట్ చేసుకోవడం ఎలా?

పైవన్నీ అయ్యాకే స్క్రూ దగ్గరికి. ఫిల్టర్ పాతది పెట్టుకుని స్క్రూ తిప్పితే రోగాన్ని దాచినట్టే.

ఇంజిన్ వేడెక్కనివ్వండి, ఏసీ ఆపేయండి. వాక్యూమ్ పైపు తీసి నోరు మూయండి. మాన్యువల్‌లోని అసలు అంకెను సెట్ చేయాల్సింది ఇలా పైపు తీసినప్పుడే. పైపు తగిలించి ఉండగా 3 పెట్టారంటే కాలు తొక్కినప్పుడు 3.6 అవుతుంది. బయట కొన్న అడ్జస్టబుల్ రెగ్యులేటర్లు ఇచ్చే తిప్పల్లో సగానికి సగం ఇక్కడే పుడతాయి.

లాక్ నట్‌ను స్పానర్‌తో వదులు చేసి, స్క్రూను పావు చుట్టు మించకుండా తిప్పండి. సాధారణంగా లోపలికి బిగిస్తే ప్రెజర్ పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ప్రతి పావు చుట్టుకూ ఆగి ముల్లు నిలకడ కానివ్వండి. కావాల్సినదానికంటే ఎక్కువైతే, బాగా కిందికి దించి మళ్ళీ కిందినుంచి పైకి ఎక్కించండి. పైనుంచి దిగుతూ సెట్ చేస్తే స్ప్రింగు తర్వాత సర్దుకుని అంకె జారుతుంది. లాక్ నట్ బిగించేటప్పుడు అలెన్ కీతో స్క్రూను పట్టుకోండి, లేకపోతే నట్‌తోపాటు అదీ తిరుగుతుంది. బిగించాక ఇంకోసారి చూడండి, కొంచెం మారే ఉంటుంది.

వాక్యూమ్ పైపు పెట్టేయండి. ఐడిలింగ్ అంకె అర బార్ పైగా దిగాలి. కాలు ఒక్కసారిగా తొక్కి వదలండి, ముల్లు పైకి ఎగిరి వెనక్కి రావాలి, కింద పడకూడదు. ఇంజిన్ ఆపి ప్రెజర్ కారిపోతోందేమో చూడండి, ఎలాగో కింద మే నెల ప్రశ్నలో ఉంది. ఆఖరుకు పొల్యూషన్ టెస్ట్ మిషన్‌లో సీఓ (పొగలోని కార్బన్ మోనాక్సైడ్) ఎంతుందో చూపించుకోండి. పెట్రోలు చిక్కదనం చెవితో తెలుస్తుందనేవాళ్ళ చెవులంటే నాకు గౌరవమే, నమ్మకం మాత్రం మిషన్ మీదే.

రైల్ దగ్గర రెగ్యులేటరే లేదు, రిటర్న్ పైపూ లేదు.

మీది రిటర్న్‌లెస్ సిస్టమ్. రెగ్యులేటర్ ట్యాంకులో పంపుతోపాటే ఉంటుంది. ప్రెజర్ కాస్త ఎక్కువ, 3.5 బార్ పైన కూడా ఉండచ్చు, ఐడిలింగ్‌లో దిగదు. అడ్జస్ట్ చేయడానికి ఏమీ లేదు. గేజ్ పెట్టి చూడటం, తప్పితే మార్చడం.

మే నెలలో ఎండలో ఆపి అరగంట తర్వాత సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవడం లేదు. పొద్దున మాత్రం బాగుంటుంది.

ఇంజిన్ ఆపగానే వేడి ఎటూ పోదు, రైల్ ఉడుకుతుంది. రైల్‌లో ప్రెజర్ నిలిచి ఉంటే పెట్రోలు మరగకుండా ద్రవంగానే ఉంటుంది. కుక్కర్ సంగతి తెలిసిందే కదా, అదే సూత్రం. ప్రెజర్ కారిపోతే పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. ఇంజెక్టర్ తెరుచుకుంటే ఆవిరే వస్తుంది.

ఒక చిన్న పరీక్ష. సెల్ఫ్ కొట్టకుండా తాళం మూడుసార్లు ఆన్, ఆఫ్ చేయండి, ప్రతిసారీ రెండు సెకన్లు ఆగి. నాలుగోసారి టక్కున స్టార్ట్ అయితే ప్రెజర్ కారుతోందన్నమాట. రిపేరు అయ్యేదాకా ఇలాగే నెట్టుకు రావచ్చు.

ఎక్కడ కారుతోందో గేజ్ చెబుతుంది. ఆపిన ఐదు నిమిషాల తర్వాత కూడా ముల్లు 1.5, 2 బార్ దగ్గర నిలవాలి. పడిపోతుంటే, మళ్ళీ ప్రెజర్ ఎక్కించి, పంపు నుంచి వచ్చే రబ్బరు పైపును క్లాంపు చేయండి. పడటం ఆగితే పంపులో పెట్రోలు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ పోయింది. ఆగకపోతే రిటర్న్‌ను క్లాంపు చేయండి. ఇప్పుడు ఆగితే రెగ్యులేటర్. రెండూ మూసినా పడుతుంటే, బయట ఎక్కడా చెమ్మ లేకపోతే, ఏదో ఒక ఇంజెక్టర్ కారుతోంది. ప్లగ్గులు నాలుగూ విప్పితే తడిసినది ఏదో అదే పట్టిస్తుంది.

ఇప్పుడు బంకుల్లో ఈ20 పెట్రోలు కదా, దానికి తగ్గట్టు ప్రెజర్ పెంచుకోవద్దా?

ఈ ప్రశ్న ఈమధ్య రోజుకొకరు అడుగుతున్నారు, అడగాల్సిన ప్రశ్నే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. పాత పెట్రోలు ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోలు 8, 9 శాతం ఎక్కువ పోయాలి. పైన లెక్క గుర్తుందా? 3 ను 3.5 చేస్తే 8 శాతం. అచ్చంగా సరిపోయింది కదా అంటారు.

సరిపోయింది. అయినా ఆక్సిజన్ సెన్సర్ బాగున్న బండికి నేను చేయను. ఆ సవరణ సెన్సర్, ఈసీయూ కలిసి ఎలాగూ చేసుకుంటున్నాయి. ముసలి పంపు నెత్తిన ఇంకో అర బార్ ఎందుకు? ఆ డబ్బుతో కొత్త సెన్సర్ వేయండి, పాతది బద్ధకించి ఉంటుంది. సెన్సర్ అసలు లేని బండి అయితే, ప్లగ్గులు తెల్లగా సున్నం కొట్టినట్టు వస్తుంటే, కాలు తొక్కినప్పుడు వెనక్కి గుంజుతుంటే, అప్పుడు అడ్జస్టబుల్ రెగ్యులేటర్‌తో పావు బార్ పావు బార్‌గా పెంచి సీఓ చూసుకుంటూ పోవచ్చు. అలాంటి బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

ఈ20 తో పాత బండ్లకు నాకు భయమల్లా ప్రెజర్ గురించి కాదు, రబ్బరు గురించి. పాత పైపులు, ఓ-రింగులు ఉబ్బి మెత్తబడతాయి. ట్యాంకు అడుగున ఏళ్ళుగా పేరుకున్న మడ్డి కదిలి జాలికి, ఫిల్టర్‌కు పడుతుంది. పదిహేనేళ్ళు దాటి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకునే ప్రతి బండికీ పెట్రోలు పైపులన్నీ ఒకేసారి మార్చమని చెబుతున్నా.

పైపు ఏదైనా ఒకటే కదా? మీటరు లెక్కన దొరుకుతుంది.

ఒకటి కాదు. కార్బురేటర్ పైపు అర బార్‌కు కూడా పనిలేని చోట ఉండేది. ఇంజెక్షన్‌కు అని పైపు మీద అచ్చు వేసిన హై ప్రెజర్ పైపే వాడాలి. క్లాంపు కూడా గాట్లున్న మామూలు రకం వద్దు, ఆ గాట్లు రబ్బరును కోస్తాయి. చుట్టూ నున్నగా బిగుసుకునే ఇంజెక్షన్ క్లాంపు అడగండి.

గ్యాస్ కిట్ ఉంది. పెట్రోలు ఎప్పుడో గానీ వాడను.

అందుకే మీ పంపు అందరికంటే ముందు పోతుంది. కొన్ని కిట్లలో గ్యాస్ మీద నడుస్తున్నా పంపు తిరుగుతూనే ఉంటుంది, ట్యాంకులో చూస్తే రెండు లీటర్లు. పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచండి.

డీజిల్ కామన్ రైల్‌కు కూడా ఇదే గేజ్ పెట్టచ్చా?

వద్దే వద్దు. అక్కడ రైల్‌లో ప్రెజర్ వెయ్యి బార్ పైన. సన్నటి కారుడు దగ్గర చెయ్యి పెడితే డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, కానీ ఆపరేషన్ దాకా పోయే ప్రమాదం. ఈ పేజీలో ఉన్నదేదీ డీజిల్‌కు కాదు.

గేజ్ నేనే కొనుక్కోవచ్చా? చౌకవి పనికొస్తాయా?

కొనుక్కోండి. 0 నుంచి 7 బార్ వరకు చూపించేది, ప్రెజర్ వదిలే బటన్ ఉన్నది, అడాప్టర్ల సెట్టుతో తీసుకోండి. 30 బార్ గేజ్ తెస్తే 2.4 కూ 3 కూ తేడా కళ్ళకు ఆనదు. చౌకవి కూడా పనికొస్తాయి, కాకపోతే కొన్న రోజే నమ్మకమైన ఇంకో గేజ్‌తో పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.

ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్నది. ఒక జెన్‌కు ప్రెజర్ 0.4 బార్ తక్కువ చూపిస్తోందని ఫిల్టర్ మార్చా, రిలే మార్చా, చివరికి పంపు మార్చా. కొత్త పంపుతోనూ అంతే చూపించింది. రాత్రి ఎనిమిదింటికి పక్క షెడ్డు అబ్బాయి దగ్గర గేజ్ అడిగి తెచ్చి పెడితే అంతా కరెక్టుగా ఉంది. నా గేజ్ ఎప్పుడో కింద పడి ముల్లు జరిగింది. పాత పంపు కడిగి తిరిగి వేసి, బండి ఓనర్ దగ్గర ఫిల్టర్ డబ్బులు మాత్రం తీసుకున్నా. ఆ గేజ్ ఇప్పటికీ షెడ్డు గోడకు మేకుకు వేలాడుతోంది, దానికింద సున్నంతో "0.4 తక్కువ" అని రాసి ఉంటుంది. అవసరమైతే కలిపి చదువుకుంటాం.